ఆర్వెల్ అడగమన్న ప్రశ్న

ఒక రచయిత పేరు విశేషణంగా మారిపోవడం గొప్ప గౌరవమని లోకం అనుకుంటుంది. జార్జ్ ఆర్వెల్ విషయంలో అది గౌరవమో శిక్షో తేల్చుకోవడం కష్టం. "ఆర్వెలియన్" అన్న మాట వినబడకుండా ఇక్కడ ఒక వారం గడవదు. ప్రభుత్వం వీధి మలుపులో కెమెరా బిగిస్తే ప్రతిపక్షం ఆ మాట అంటుంది. ప్రతిపక్షం ఫలానా పదం వాడరాదంటే అధికారపక్షమూ అదే మాట అంటుంది. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా ప్రభుత్వపు రహస్య నిఘాను బయటపెట్టినప్పుడు "1984" నవల అమ్మకాలు పెరిగాయి. 2017 జనవరిలో అధ్యక్షుడి సలహాదారు ఒకరు టెలివిజన్‌లో "ప్రత్యామ్నాయ వాస్తవాలు" అన్న మాట అనేసరికి మళ్ళీ పెరిగాయి. 2021 జనవరిలో ఒక అమెరికన్ సెనేటరు, తన పుస్తకాన్ని ప్రచురణకర్తలు వద్దన్నందుకు, ఇది ఆర్వెలియన్ అని వాపోయాడు. నిఘాకీ, అబద్ధానికీ, ఒక వ్యాపార ఒప్పందం రద్దుకీ ఒకే పేరు!

మా వృత్తి వైద్యం గనక మాకు తోచిన పోలిక చెబుతాం. జ్వరం రోగం పేరు కాదు, లక్షణం. మలేరియాకీ జ్వరమే, టైఫాయిడుకీ జ్వరమే. రోగి చీటీ మీద "జ్వరం" అని వ్రాసి పంపేసి, రోగ నిర్ణయం చేశాననుకునే డాక్టరుని ఎవరూ మెచ్చుకోరు. "ఆర్వెలియన్" అనడం చాలాసార్లు అటువంటి చీటీయే. ఏదో బాగాలేదని తెలుస్తుంది. ఏమిటి, ఎక్కడ, ఎవరివల్ల అన్నది తెలియదు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఆర్వెల్ రాజకీయ భాషకి ఇచ్చిన మాటలు బాగా చెలామణి అయ్యాయి. పెద్దన్న, డబుల్‌థింక్, న్యూస్పీక్, థాట్‌క్రైమ్ నవలలో పుట్టి లోకం మీద పడ్డాయి. "కోల్డ్ వార్" అన్న మాటని కూడా అణుబాంబు మీద 1945 అక్టోబరులో వ్రాసిన వ్యాసంలో, ఆ తర్వాత స్థిరపడిన అర్థానికి దగ్గరగా వాడాడు. కాని ఈ మాటల వెనక ఆయన మనకి అలవాటు చెయ్యబోయినది ఒక ప్రశ్న: ఈ వాక్యంలో ఎవరు, ఎవరికి, ఏం చేశారు? ఆ ప్రశ్న మాటలంతగా చెలామణిలోకి రాలేదు. ఆయన వారసత్వంలో విలువైనది అదేనని మేము అనుకుంటాం. తెలుగువాళ్ళం దాన్ని పట్టించుకోవడానికి మనకంటూ ఒక ప్రత్యేక కారణం కూడా ఉంది. దాని దగ్గరికి నెమ్మదిగా వస్తాం.

ముందు మనిషి గురించి నాలుగు మాటలు. అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లేర్. 1903 జూన్ 25న బీహారులోని మోతీహారీలో పుట్టాడు. తండ్రి ఇండియా ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. చంటిబిడ్డగా ఉండగానే తల్లి ఇంగ్లండు తీసుకొచ్చేసింది. పందొమ్మిదో ఏట, 1922లో, పోలీసు ఉద్యోగంలో చేరి బర్మా వెళ్ళి 1927 దాకా చేశాడు. 1936 చివర స్పెయిన్ అంతర్యుద్ధానికి వెళ్ళాడు. 1937 మేలో గొంతులోంచి తూటా దూసుకుపోయింది, బతికాడు. జరగని యుద్ధాలు జరిగినట్టు, జరిగినవి జరగనట్టు పత్రికలు వ్రాయడం మొదటిసారి కళ్ళారా చూసింది అక్కడే. 1941 నుంచి 1943 దాకా బి.బి.సి.లో ఇండియాకి ప్రసారాలు తయారుచేసే ఉద్యోగం. యుద్ధకాలంలో భారతీయుల మనస్సుని బ్రిటన్ వైపు తిప్పడం ఆ పని ఉద్దేశం. అంటే సామ్రాజ్యపు లాఠీనీ, మైక్రోఫోనునీ రెండింటినీ చేత్తో పట్టుకుని చూసినవాడు. ప్రభుత్వాల భాషని బయటినుంచి తిట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ వంటింట్లో వండి వచ్చినవాడు కాబట్టే ఈయన మాటకి అంత బరువు.

ఆ వంటింటి రహస్యం 1946లో వ్రాసిన "పాలిటిక్స్ అండ్ ది ఇంగ్లిష్ లాంగ్వేజ్" అనే వ్యాసంలో విప్పి చెప్పాడు. మొదటే అయిదు చెడ్డ ఉదాహరణలు ఎత్తి చూపిస్తాడు. వాటిలో ఒకటి అప్పటి మహా పండితుడు హెరాల్డ్ లాస్కీది. ఆర్వెల్ వాదం స్థూలంగా ఇది: సమర్థించుకోలేని పని చేసినవాడు దాన్ని ఉన్నదున్నట్టు చెప్పలేడు, అంచేత బొమ్మ కట్టని మాటలు వెతుక్కుంటాడు. ఊళ్ళ మీద బాంబులు వేసి దానికి శాంతి స్థాపన అని పేరు పెడతాడు. ఆ మాటలు అలవాటైతే వినేవాడికే కాదు, చెప్పేవాడికి కూడా తను చేస్తున్న పని కనబడదు. మా భాషలో చెప్పాలంటే రక్తపోటు మూత్రపిండాలని దెబ్బతీస్తుంది, దెబ్బతిన్న మూత్రపిండాలు రక్తపోటుని పెంచుతాయి. ఎక్కడ మొదలైందని వాదించుకుంటూ కూర్చోనక్కరలేదు, ఎక్కడో ఒకచోట వైద్యం మొదలుపెట్టాలి. ఆర్వెల్ భాష దగ్గర మొదలుపెట్టమన్నాడు, అది మన చేతిలో ఉన్నది గనక.

మూడేళ్ళ తర్వాత, 1949 జూన్ 8న, "1984" వెలువడింది. వ్యాసంలో ఉన్న ఆశ ఇందులో లేదు. వ్యాసంలో భాష నిర్లక్ష్యం వల్ల పాడవుతుంది, నవలలో ప్రభుత్వం పనిగట్టుకుని పాడుచేస్తుంది. యుద్ధాలు నడిపే మంత్రిత్వశాఖకి శాంతి అని పేరు, చిత్రహింసలు పెట్టేదానికి ప్రేమ అని పేరు. ఏటేటా నిఘంటువు చిక్కిపోతూ ఉంటుంది. ధిక్కారానికి పదమే లేకపోతే ధిక్కారపు ఆలోచనే రాదని పాలకుల లెక్క.

ఈ లెక్క దగ్గరే మాకు ఆర్వెల్‌తో పేచీ. పదం లేకపోతే ఆలోచన ఉండదన్నది అనుభవానికి నిలవదు. గుండెజబ్బు పేరేమిటో ఎరగని ముసలమ్మ "గుండెల మీద రోలు పెట్టినట్టుంది నాయనా" అంటుంది. ఏ పాఠ్యపుస్తకమూ అంతకన్నా బాగా చెప్పదు. ఆవిడకి పదం లేదు, బాధ మాత్రం స్పష్టంగా ఉంది, చెప్పడానికి దారి కూడా తనే వెతుక్కుంది. ప్రమాదం ఎక్కడ వస్తుందంటే, పక్కనున్నవాడు "ఆ, గ్యాసులే" అన్నప్పుడు. మనవాళ్ళకి ఛాతీలో ఏ నొప్పి వచ్చినా గ్యాసే. ఆ ఒక్క మాట చేతికి అందుబాటులో ఉండబట్టి, సోడా తాగి పడుకుని, తెల్లారేసరికి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళని చూడని తెలుగు డాక్టరు ఉండడేమో. మనిషి ఆలోచనని చంపేది పదం లేకపోవడం కాదు, పదం సిద్ధంగా ఉండడం. ప్రశ్న పుట్టకముందే జవాబులా వచ్చి కూర్చునే పదం. వ్యాసం వ్రాసిన ఆర్వెల్‌కి ఈ సంగతి బాగా తెలుసు. నవల వ్రాసిన ఆర్వెల్, భయాన్ని పెంచడం కోసం కాబోలు, దాన్ని దాటి పోయాడు. అయితే నవల చివర న్యూస్పీక్ మీద ఉన్న అనుబంధం అంతా భూతకాలంలో వ్రాశాడు, అంటే ఆ రాజ్యం ఎప్పుడో పోయిందని సూచన అని మార్గరెట్ ఆట్‌వుడ్ వంటివారు అంటారు. ఆ మాట మాకు నచ్చింది. నిజంగా అలా ఉద్దేశించాడో లేదో, భాషని పూర్తిగా చంపడం ఎవరివల్లా కాదన్నది మాత్రం నిజం.

సిద్ధంగా ఉండే పదాల సంగతి వచ్చింది కాబట్టి ముందు మా ఇల్లు చక్కబెట్టుకుంటాం. ఒక మందు రోగికి పనిచెయ్యకపోతే, రోగి చికిత్సలో "ఫెయిల్ అయ్యాడు" అని ఇంగ్లీషులో వ్రాయడం వైద్యుల అలవాటు. ఫెయిల్ అయింది మందు. పరీక్ష తప్పినట్టు వ్రాసేది రోగి పేర. రోగి తనకి ఛాతీనొప్పి లేదంటే "నిరాకరిస్తున్నాడు" అని వ్రాస్తారు, బోనులో నిలబెట్టినట్టు. మనిషి చచ్చిపోతే "ఎక్స్‌పైర్" అయ్యాడంటారు, పాలసీసాకి గడువు దాటినట్టు. ఈ మాటలు వ్రాసేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కాని రోజుకి ముప్ఫైసార్లు ఇలా వ్రాసిన చేతికి ముప్ఫయ్యో మనిషి కనబడడం తగ్గుతుంది.

దీన్ని ఆర్వెల్ మంచం మీద నుంచి చూశాడు. 1929లో పారిస్‌లో జబ్బుపడి బీదల ఆసుపత్రిలో చేరినప్పటి అనుభవాన్ని 1946లోనే "హౌ ది పూర్ డై" అనే వ్యాసంగా ప్రకటించాడు. ఆసుపత్రికి పేరు పెట్టలేదు, ఎక్స్ అన్నాడు. అక్కడ డాక్టర్లూ విద్యార్థులూ రోగి ఛాతీ మీద తట్టి, విని, నేర్చుకుని వెళ్ళిపోతారు. రోగితో మాట్లాడరు. క్రూరత్వం కాదు, మనిషి ఉన్నాడన్న స్పృహ లేకపోవడం. రాజకీయ భాష మీద వ్యాసమూ, ఆసుపత్రి మీద వ్యాసమూ ఒకే ఏడు రావడం యాదృచ్ఛికం కావచ్చు. రెండింటిలోనూ ఫిర్యాదు మాత్రం ఒకటే. ఇక తను క్షయతో బాధపడుతూ ఉండగా 1948లో అమెరికా నుంచి ప్రత్యేకంగా తెప్పించిన స్ట్రెప్టోమైసిన్ ఆయనకి పడలేదు. చర్మం, నోరు, గోళ్ళు, జుట్టు ఏమయ్యాయో, ఏది ముందు ఏది తర్వాత వచ్చిందో మరుసటి ఏడు తన నోటు పుస్తకంలో వరసగా వ్రాసుకున్నాడు. ఒక్క అలంకారం లేదు, ఒక్క మూలుగు లేదు. మా కేస్ షీటులు అంత బాగుంటే ఎంత బాగుండును. 1950 జనవరి 21న, నలభై ఆరో ఏట, లండన్‌లో పోయాడు.

ఇప్పుడు తెలుగువాళ్ళ సంగతి. 1936లో వ్రాసిన "షూటింగ్ యాన్ ఎలిఫెంట్" అనే వ్యాసం పాఠకుల్లో చాలామంది కాలేజీ పాఠంగా చదివే ఉంటారు. బర్మాలోని మౌల్మీన్‌లో పోలీసు అధికారిగా ఉన్న కథకుడు, మదమెక్కి తప్పించుకున్న ఏనుగుని, అప్పటికే మదం దిగిపోయినా, తన వెనక చేరిన వేలమంది ముందు నవ్వులపాలు కాకూడదని కాల్చి చంపుతాడు. సామ్రాజ్యం ఏలేవాడిని ఎలా కీలుబొమ్మని చేస్తుందో చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ లేదంటారు. ఇది జరిగిందా, కల్పనా అన్నది జీవితచరిత్రకారులు ఇంకా తేల్చలేదు. అందరికీ ఆ ఏనుగు గుర్తుంటుంది, ఆ దొర గుర్తుంటాడు. ఆ ఏనుగు కాలి కింద పడి చచ్చిపోయిన కూలీ ఎందరికి గుర్తున్నాడు?

ఆ కూలీని ఆర్వెల్ ముందు ద్రావిడుడంటాడు. వ్యాసం చివర, కోరంగి కూలీ కన్నా ఏనుగే విలువైనదని కుర్రదొరలు చెప్పుకున్నారని వ్రాస్తాడు. కోరంగి మన గోదావరి మొగలో, కాకినాడ పక్కనున్న పాత ఓడరేవు. 1839 తుఫానులో దెబ్బతిని మరి కోలుకోలేదు. ఆ రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలనేవారు. మనవైపు "రంగం పోవడం" అన్న మాట ఇంకా పెద్దవాళ్ళ నోట వినబడుతుంది. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్ళి రేవులోనూ బియ్యపు మిల్లుల్లోనూ మూటలు మోసినవాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళు వాళ్ళు. 1930 మేలో రంగూన్ రేవు కూలీల మధ్య మొదలైన అల్లర్లలో దెబ్బతిన్నదీ వాళ్ళే. 1942లో జపాన్ సైన్యం వస్తే కాలినడకన అడవులు దాటినవారిలోనూ వాళ్ళున్నారు. అంటే ప్రపంచంలో ఇన్ని తరగతి గదుల్లో పాఠం చెప్పిన ఆ వ్యాసంలో చచ్చిపోయినవాడు తెలుగువాడు. ఊరు లేదు, పేరు లేదు. వెనక భార్య ఉందో, తల్లి ఉందో లేదు. ఒక రేవు పేరుని తిట్టుగా మార్చి అతని మీద అతికించారు, అంతే.

దీన్నిబట్టి ఆర్వెల్‌ని తిట్టడం తేలిక. మేము అలా తిట్టడం లేదు. ఆ మాట కుర్రదొరలు అన్నట్టుగానే వ్రాశాడు. ఆ కూలీ చావడం చట్టం దృష్టిలో తనకి కలిసివచ్చిందనీ, అందుకు తను సంతోషించాననీ కూడా దాచుకోకుండా ఒప్పుకున్నాడు. తెల్లదొరల క్లబ్బుల్లో ఏం మాట్లాడుకుంటారో అంత నిక్కచ్చిగా వ్రాసిపెట్టినవాళ్ళు తక్కువ. కాని ఆయన చూపు దొర మనసు దగ్గర ఆగిపోయింది, కూలీ ఇంటిదాకా వెళ్ళలేదు. ఎవరు, ఎవరికి, ఏం చేశారని పదేళ్ళ తర్వాత లోకానికి నేర్పిన మనిషి వాక్యంలోనే "ఎవరికి" అన్నచోట ఖాళీ ఉంది. ఆయన పాఠాన్ని ఆయన మీదే ప్రయోగిస్తే ఆ ఖాళీ కనబడుతుంది. పాఠం గట్టిదనడానికి అంతకన్నా ఏం కావాలి?

అదే పాఠాన్ని మన భాష మీద ప్రయోగించి చూద్దాం. కర్మణి ప్రయోగం తగ్గించమని ఆర్వెల్ చెప్పాడు. అది చెప్పిన వ్యాసంలో ఆయనే ఆ ప్రయోగం ధారాళంగా చేశాడని వ్యాకరణవేత్తలు నవ్వుతారు. ఆ సూత్రాన్ని తెలుగులోకి దించుకుంటే అసలే సరిపోదు. "కాల్చబడ్డారు" అని మన పల్లెల్లో ఎవరూ అనరు, అది ఆఫీసు అనువాదాల భాష. "కాల్చేశారు" అంటారు. ఇది కర్తరి ప్రయోగమే. కాని కర్త ఏడీ? ఎవరు కాల్చేశారు? కర్తని చెప్పకుండా వాక్యం ముగించే వెసులుబాటు మన భాషలోనే ఉంది. ఇంగ్లీషువాడు చేసినవాణ్ణి దాచడానికి వాక్యాన్ని తలకిందులు చెయ్యాలి, మనకి ఆ శ్రమ కూడా అక్కరలేదు. అంచేత మనకి కావలసింది వ్యాకరణ సూత్రం కాదు, ఆ ప్రశ్నే.

శ్రీకాకుళం ఉద్యమ కాలం నుంచి తెలుగు పత్రికల్లో స్థిరపడిన "ఎదురుకాల్పులు" అన్న మాట చూడండి. "ఎదురుకాల్పుల్లో ఇద్దరు మృతి". ఎదురు అన్న మూడక్షరాల్లో అవతలివాడు ముందు కాల్చాడన్న తీర్పు ఇమిడి ఉంది. విచారణ జరగకముందే తీర్పు మాటలోకి వచ్చేసింది. కొన్నిసార్లు నిజమే కావచ్చు, కొన్నిసార్లు కాకపోవచ్చు. కాని మాట ఒక్కటే. 1977లో తార్కుండే కమిటీ ఆంధ్రప్రదేశ్ ఘటనల మీద విచారణ చేసి అవి బూటకాలని చెప్పింది. 2009 ఫిబ్రవరిలో రాష్ట్ర హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అటువంటి ప్రతి చావునీ నేరంగా నమోదు చేసి దర్యాప్తు చెయ్యాలనీ, ఆత్మరక్షణ అన్నది తర్వాత ఋజువు కావలసిన సంగతనీ చెప్పింది. ఆ తీర్పుని సుప్రీంకోర్టు నిలిపివేసింది. 2014లో అదే సుప్రీంకోర్టు ఇటువంటి చావుల దర్యాప్తుకి నియమాలు విధించింది. కోర్టులు ఇంతకాలం తంటాలు పడింది ఆ ఒక్క "ఎవరు" కోసమే. అవతలి పక్షం భాష మాత్రం శుభ్రంగా ఉందా? "వర్గశత్రు నిర్మూలన" అంటే ఫలానా ఊళ్ళో ఫలానా మనిషిని ఇంటిముందు చంపడం. "ప్రజాకోర్టు" అంటే తుపాకీ పట్టినవాళ్ళు చెప్పిందే తీర్పు. ఆర్వెల్‌ని ఒక పక్షానికి మాత్రమే గురిపెట్టేవాళ్ళు ఆయన్ని చదవనట్టే.

మా వృత్తికి దగ్గరి ఉదాహరణ ఇంకొకటి. అత్యవసర పరిస్థితిని ప్రకటించింది 1975 జూన్ 25 రాత్రి. ఆర్వెల్ పుట్టినరోజు. వినోబా భావే దాన్ని అనుశాసన పర్వమన్నారు. 1976-77లో దేశంలో 80 లక్షలకి పైగా సంతాననిరోధక శస్త్రచికిత్సలు జరిగాయి. ఒప్పించడం, బెదిరించడం, లంచమివ్వడం అన్నిటికీ కలిపి "మోటివేషన్" అని ఒకే మాట. మనిషికి "కేసు", ఊరికి "టార్గెట్". తెలుగు పత్రికలు కుటుంబ నియంత్రణని "కు.ని." చేశాయి. పొడి అక్షరాలుగా కుదిస్తే మాటలోని అర్థం గుర్తుకు రాకుండా పోతుందని ఆర్వెల్ న్యూస్పీక్ అనుబంధంలో చెప్పిన దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు తెలియదు. "కు.ని. ఆపరేషన్" అన్నప్పుడు కుటుంబమూ కనబడదు, నియంత్రించేవాడూ కనబడడు. 1977లో ఓటర్లు ఆ ప్రభుత్వాన్ని దించేశారు. ఆ ఏడే కేంద్రంలో ఆ శాఖ పేరు "కుటుంబ సంక్షేమం" అయింది. ఓడిపోయింది ఒక ప్రభుత్వం, ఉద్యోగం మారింది ఒక పదం.

ఇన్ని చెప్పి ఆర్వెల్‌ని ఋషిని చెయ్యడం మాకు ఇష్టం లేదు. థాట్ పోలీసుని సృష్టించిన ఆయనే 1949లో, కమ్యూనిస్టు సానుభూతిపరులని తను అనుమానించిన 38 మంది పేర్లు బ్రిటిష్ విదేశాంగశాఖ ప్రచార విభాగానికి అందజేశాడు. వాళ్ళని అరెస్టు చెయ్యమని కాదు, ప్రచార రచనలకి వాళ్ళు పనికిరారని మాత్రమే అని సమర్థకులు అంటారు. ఒప్పుకున్నా అది రహస్య జాబితాయే. ఆయన పోయాక "యానిమల్ ఫామ్" మీద 1954లో తీసిన కార్టూన్ సినిమాకి డబ్బు పెట్టింది అమెరికన్ గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. కథ ముగింపు మార్చి, పందుల మీద మిగతా జంతువులు తిరగబడి గెలిచినట్టు చూపించారు. గతాన్ని దిద్దే ఉద్యోగం గురించి నవల వ్రాసినవాడి కథనే దిద్దేశారు!

మరి ఆయన పేరు ఎక్కడా నిజంగా పనిచెయ్యలేదా? చేసింది. మాటకి ఖరీదు చెల్లించవలసి వచ్చిన చోట చేసింది. సోవియట్ ప్రపంచం బయటనే బతికిన మనిషికి లోపలి సంగతి ఎలా తెలిసిందని తూర్పు యూరప్ పాఠకులు ఆశ్చర్యపోయారని చెస్లావ్ మీవోష్ 1953లో వ్రాశాడు. 2014లో థాయ్‌లాండ్‌లో సైనిక తిరుగుబాటు తర్వాత జనం వీధుల్లో నిలబడి "1984" చదవడమే నిరసన అయింది. 2022లో ఉక్రెయిన్ మీద దాడిని యుద్ధం అనకుండా "ప్రత్యేక సైనిక చర్య" అనాలని రష్యా పట్టుబట్టి, సైన్యం గురించి "తప్పుడు సమాచారం" చెబితే 15 ఏళ్ళ దాకా జైలని చట్టం చేసింది. ఆ ఏడు రష్యాలో "1984" బాగా అమ్ముడైన పుస్తకాల్లో చేరింది. అక్కడ ఎవరూ "ఆర్వెలియన్" అని గొంతు చించుకోలేదు, యుద్ధాన్ని యుద్ధమన్నారు, అందుకు కొందరు జైలుకి వెళ్ళారు. ఆర్వెల్ పాఠం పూర్తిగా వంటబట్టిందంటే అదీ.

మనం ఉన్నచోట అంత ఖరీదు లేదు. అందుకే ఇక్కడ మరీ శ్రద్ధ కావాలి. 2012లో ఈ దేశపు హోం మంత్రి, అనుమతి లేకుండా ఉంటున్నవాళ్ళకి "శత్రుపూరితమైన వాతావరణం" సృష్టిస్తామన్నారు. ఆ విధానం కింద అన్ని హక్కులూ ఉన్న కరీబియన్ వృద్ధులు కూడా కాగితాలు చూపలేక ఉద్యోగాలూ, వైద్యమూ పోగొట్టుకున్నారని 2018లో బయటపడింది. కొత్తగా వచ్చిన హోం మంత్రి తనకి "నియమబద్ధమైన వాతావరణం" అన్న మాట నచ్చుతుందన్నారు. మాకైతే మొదటి మాటే మేలనిపించింది, కనీసం చేసే పని అందులో కనబడింది. మా ఆసుపత్రుల్లో కాగితాలు సరిగాలేని రోగికి పెట్టిన పేరు "విదేశీ సందర్శకుడు". ఏళ్ళ తరబడి ఇక్కడే వంటలు చేసి, నేలలు తుడిచి జబ్బుపడినవాడు సందర్శకుడట. ఆ పేరుతో వచ్చిన ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు, ఈ మాట ఎవరిని ఎవరినుంచి దాస్తోందని ఒక్క క్షణం ఆగగలిగితే చాలు. చట్టం మారదు, కాని రోగి మొహం కనబడుతుంది. కాగితాలు సరిగా ఉండబట్టి ఈ దేశంలో మర్యాదగా బతుకుతున్న మనకి, రంగం వెళ్ళిన ఆ కోరంగి కూలీకీ మధ్య దూరం అనుకున్నంత ఎక్కువ లేదు.

చివరగా ఒక చిన్న సూచన. ఇటువంటి అలవాటు పార్లమెంటులో మొదలవదు, మన దగ్గరే మొదలవాలి. ఏ తెలుగు సంఘం నివేదిక తిరగేసినా "కొన్ని అనివార్య కారణాల వల్ల కార్యక్రమం వాయిదా పడినది" అనీ, "రుసుము పెంచుటకు నిర్ణయించబడినది" అనీ కనబడుతుంది. ఆ కారణాలేమిటో, ఎందుకు అనివార్యమో, నిర్ణయించింది ఎవరో మాత్రం ఉండదు. హాలు దొరకలేదు, కార్యదర్శి మరిచిపోయాడు, కోశాధికారి ఒప్పుకోలేదు అని వ్రాస్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఇంత చిన్నచోట కర్తని వ్రాయడానికి మొహమాటపడేవాళ్ళం, పెద్దచోట్ల వ్రాయమని ఎవరిని అడుగుతాం? వచ్చే సర్వసభ్య సమావేశపు నివేదిక నుంచే ఈ అలవాటు మొదలుపెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాం.